చమక్ కోసం చర్మం ఒలుచుకుంటున్నాం

మా ఆపా కొడుకు నిరుడు కారు కొన్నాడు. సెకండ్ హ్యాండే, మూడేళ్ల బండి, కానీ సియా రంగు. కొన్న రోజు మా గల్లీలోకి తెచ్చి ఆపితే ఇంటిల్లిపాదీ బయటికొచ్చి చూశాం. అమ్మీ అయితే లోపలికెళ్లి ఎండుమిరపకాయలు తెచ్చి బండికి నజర్ తీసింది. మొన్న ఆదివారం అదే బండి వేసుకుని మళ్లీ వచ్చాడు. అసర్ దాటిన వేళ, ఎండ ఏటవాలుగా పడుతోంది. బానెట్ మీద సూర్యుడి చుట్టూ మకడీ కా జాలా. వేల సన్నగీతలు గుండ్రంగా అల్లుకుని, నలుపు కాస్తా బూడిద రంగైపోయింది.

"మామూ, పద్దెనిమిది వేలు పోసి సిరామిక్ వేయించాను. ఖరోంచ్ పడదని గ్యారంటీ కాగితం కూడా ఇచ్చారు. నెలన్నర కాలేదు, చూడండి" అన్నాడు.

డిక్కీ తెరవమన్నాను. ఖాతిల్ అందులోనే ఉన్నాడు. పొడుగు పిడి, ఎర్ర పీచుల డస్టరు. దాని పక్కన పాత బనియన్ ముక్క.

"రోజూ దీంతోనే తుడుస్తావా?"

"రోజూ పొద్దున్నే తుడుస్తాను మామూ. ఒక్కరోజు కూడా ధూళి ఉండనివ్వను."

వాడికి ఆ ప్యాకేజీ అమ్మినవాళ్ల మీద కోపంతో ఇది రాస్తున్నాను. డస్టరు చూసి వాడి మీద కూడా వచ్చింది. సచ్ చెప్పాలంటే మనందరి మీద కూడా కాస్త ఉంది, అది ఎందుకో చివర్లో వస్తుంది.

ముందు ఆ జాలా సంగతి. ఎవరో గుండ్రంగా తుడిచారు కాబట్టి గీతలు గుండ్రంగా పడ్డాయని చాలామంది అనుకుంటారు. గీతలు అన్ని దిక్కులా అడ్డదిడ్డంగానే ఉంటాయి. అందులో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే ఆ వెలుగును మన కంటికి తిప్పికొడతాయి, మిగతావి దాక్కుంటాయి. అందుకే దీపం చుట్టూ చక్రంలా కనిపిస్తాయి. యఖీన్ లేకపోతే రాత్రిపూట మొబైల్ టార్చి వేసి బానెట్ మీద అటూ ఇటూ జరపండి. టార్చి ఎటు పోతే జాలా అటు పోతుంది. అంటే బండి నిండా ఉన్నాయన్నమాట, మనం చూసేది ఒక చక్రమంత ముక్కే.

తెల్ల బండికి ఉండవా? దాన్నీ అలాగే తుడిస్తే దానికీ అన్నే ఉంటాయి. తెల్ల గోడ మీద సుద్దముక్కతో రాస్తే ఎవరికి కనిపిస్తుంది? నల్లబోర్డు మీద రాస్తే ఆఖరి బెంచీ వాడు కూడా చదువుతాడు. నల్ల బండివాడు చేసే తప్పులే తెల్ల బండివాడూ చేస్తాడు, కాకపోతే వాడి ఇజ్జత్ దక్కుతుంది.

ఇక ఆ గీతలు ఎక్కడివి? మన భాయీలను అడిగితే రోడ్డు మీదకు, ఆటోవాళ్ల మీదకు, గల్లీ పిల్లల మీదకు తోసేస్తారు. పిల్లలు తాళంచెవితో గీసిన గీత వేరు, అది ఒక్కటే ఉంటుంది, పొడుగ్గా ఉంటుంది. ఈ వేల గీతలు మాత్రం రోజూ పొద్దున మన చేతుల్లోంచే వస్తున్నాయి. హైదరాబాద్ కూర్చున్నది గ్రానైటు రాతి మీద. ఆ రాయి అరిగి గర్ద్ అయినప్పుడు అందులో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. ఇసుకలో మెరిసేవి అవే. వాటికి అద్దాన్ని గీసేంత గట్టిదనం ఉంది. పైన గల్లీకో బిల్డింగ్ లేస్తోంది, సిమెంటు, ఇసుక గాలిలోనే ఉన్నాయి. కారు పై పొర ఏమో ప్లాస్టిక్ లాంటి ఒక వార్నిషు. ఈ రెంటి మధ్య ఎండు గుడ్డ పెట్టి రుద్దితే అది తుడవడం ఎలా అవుతుంది? గరుకు కాగితం పట్టడం అవుతుంది. డస్టరు పీచులు మెత్తగా ఉన్నాయి కదా అంటారు. పీచు మెత్తనే, అందులో నిన్నటి రాయి చిక్కుకుని ఉంది.

కాబట్టి నా మొదటి మాట ఇది, చాలామందికి నచ్చదు: బండి మీద ధూళి ఉంటే ఉండనివ్వండి. కూర్చున్న ధూళి ఏ హానీ చేయదు. దాన్ని కదిపిన చేయే చేస్తుంది. వారం రోజులు గర్ద్ పట్టి నిలబడ్డ నల్ల బండి, రోజూ పొద్దున్నే మెరుస్తూ బయల్దేరే నల్ల బండి కంటే ఆరోగ్యంగా ఉంటుంది. లోగ్ క్యా కహేంగే అనే భయమొక్కటే మనచేత డస్టరు పట్టిస్తోంది.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ల హాలత్ ఇంకా ఘోరం. నెలకింత అని మాట్లాడుకున్న పిల్లాడు ఒకే బకెట్, ఒకే గుడ్డతో పది బండ్లు తుడుస్తాడు. మొదటి బండి టైరు మీది మట్టి మూడో బండి బానెట్ మీదకొస్తుంది. వాడిని తిట్టకండి. వాడికి ఆ ఒక్క బకెట్ నీళ్లే ఇచ్చింది మనం. పది బండ్లు ఎనిమిదిన్నరకల్లా అయిపోవాలన్నదీ మనమే. బండికి కవరు వేసేవాళ్లు మేం జాగ్రత్తపరులం అనుకుంటారు. ధూళి పట్టిన బండి మీద కవరు లాగితే ఏమవుతుంది? రాత్రంతా గాలికి ఆ కవరు అటూ ఇటూ రాసుకుంటే? డస్టరు పెద్దదైందంతే.

బరాత్ బండి సంగతి చెప్పకుండా ఎలా? దుల్హా కోసమని చుట్టాల్లో ఎవరిదో నల్ల బండి అడిగి తెస్తాం. పూల దండలు, వాటి దారాలు, జిగురు టేపు, మెరుపు రిబ్బన్లు. ఊరంతా తిరిగేదాకా గాలికి ఆ దారాలన్నీ బానెట్‌ను కోస్తూనే ఉంటాయి. మర్నాడు వలీమా హడావిడిలో ఎవరో టేపు గోటితో గీకి పీకుతారు. బండి ఇచ్చినాయన మొహమాటానికి ఏమీ అనడు. అలాంటి ఒక బండిని నేను పోయిన ఏడాది చూశాను. పూలు ఎక్కడెక్కడ కట్టారో వేలు పెట్టి చూపించవచ్చు.

సరే, గీతలు పడ్డాయి. పాలిష్ కొట్టిస్తే పోతాయి కదా? ఇక్కడే అసలు ధోకా ఉంది.

మా చచా బెజవాడ ఆటోనగర్‌లో పెయింటరు. ఉర్దూ మీడియం స్కూలుకు ఎండాకాలం సెలవులిస్తే అబ్బా నన్ను ఆయన దగ్గర వదిలేవారు, ఊరికే తిరగకుండా ఉంటానని. అంబాసిడర్లు వచ్చేవి. చచా డబ్బాలోంచి గట్టి ముద్దలాంటి కాంపౌండు తీసి గుడ్డకు పట్టించి చేత్తో రుద్దేవారు. నాకు ఒక డోరు అప్పజెప్పేవారు. పది నిమిషాలు రుద్దితే గుడ్డ ఆ బండి రంగే అయిపోయేది. నల్ల బండి అయితే గుడ్డ నల్లగా, నీలం అయితే నీలంగా. "దేఖా? రంగ్ ఆ రహా హై. బస్ కర్" అనేవారు. రంగు గుడ్డకు వస్తోంది, ఇక ఆపు అని. గుడ్డే ఆయన హిసాబ్ పుస్తకం. ఎంత పెయింటు తీశామో అది చెప్పేది.

ఇప్పటి బండ్లలో ఎక్కువ భాగం అలా లేవు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆ రంగు మీద రంగులేని వార్నిషు. దాన్ని క్లియర్ కోట్ అంటారు. మెరుపంతా దానిదే. ఎండ నుంచి రంగును కాచేదీ అదే. మనకు పడ్డ సన్నగీతలూ రంగులో లేవు, ఆ వార్నిషులో ఉన్నాయి. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నేను పేపరు మనిషిని కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను: పొద్దున మీ ఇంటికొచ్చే దినపత్రిక ఒక్క షీటు మందం దాదాపు 70 మైక్రాన్లు. మీ బండి అందమంతా ఆ షీటు కంటే పలచని పొరలో ఉంది.

పాలిష్ అంటే ఏమిటి? గీతను పూడ్చడం కాదు అది. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న వార్నిషును అరగదీయడం. గుంట పోవాలంటే నేలంతా గుంట లోతుకు దించాలి. జాగ్రత్తగా చేసినా ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి. గరుకు కాంపౌండు, ఉన్ని ప్యాడు, తొందరపడే చేయి అయితే అంతకు ఎన్నో రెట్లు. పోయింది తిరిగి రాదు. ఏ డబ్బాలోని ఏ రసాయనమూ దాన్ని తిరిగి పెంచలేదు. అన్నిటికంటే జుల్మ్ ఏమిటంటే, ఈ వార్నిషుకు రంగు లేదు కాబట్టి గుడ్డకు రంగు రాదు. చచా కాలంలో గుడ్డ చూసి ఆపేవాళ్లు. ఇప్పుడు గుడ్డ తెల్లగానే వస్తుంది. ఏమీ పోలేదనుకుంటాం.

పదేళ్లు దాటిన కొన్ని బండ్లు చూశారా? టాప్ మీద, బానెట్ మీద తెల్లటి మచ్చలు లేచి, పొట్టు ఊడిన ఉల్లిపాయలా ఉంటాయి. క్లియర్ కోట్ చచ్చిపోయిన బండ్లు అవి. కొంత ఎండ పని, కొంత మన చమక్ షౌక్ పని. అక్కడికొచ్చాక పాలిష్ లేదు, మళ్లీ పెయింటే. ఆ పెయింటు కూడా మొదటిదానిలా ఉండదు. ఫ్యాక్టరీలో సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ ఏమీ బిగించని ఉత్త బాడీని దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బయట షాపులో అంత వేడి పెడితే బండి లోపలి సామానంతా కరిగిపోతుంది. మంచి షాపులో బూత్ ఉంటే 60 డిగ్రీల దాకా పోతారు. మామూలు షాపులో ఎండే బూత్. అమ్మేటప్పుడు కొనేవాడు తలుపు అంచున వేలు పెట్టి చూసి "రీపెయింటా భాయ్?" అని ధర కొట్టేది అందుకే.

ఇప్పుడు అమ్మకాల ఝూట్ చూద్దాం. సర్వీసుకు బండి ఇస్తే "పాలిష్ ఫ్రీ సార్" అంటారు. ఆర్నెల్లకో సర్వీసు, ప్రతిసారీ ఒక పాలిష్. ముఫ్త్‌లో వస్తే మనం ఏది వద్దన్నాం? నేను కూడా వద్దనలేదు. నా పాత బండికి, ముదురు నీలం, ఒక సర్వీసు సెంటర్‌లో అలా రెండుసార్లు చేయించుకున్నాను. రెండోసారి ఇంటికి తెచ్చాక ఎండలో పెడితే తలుపుల నిండా మేఘాల్లా, పాము పాకినట్టు మెరుపు చారలు. హోలోగ్రామ్ అంటారు దాన్ని. ఒకే ఇరుసు మీద గిరగిరా తిరిగే రోటరీ మిషన్‌ను చేయి తిరగనివాడు పడితే మిగిలే ముద్ర. పాత గీతలు పోయి మిషన్ గీతలు వచ్చాయి. డెలివరీ ఇచ్చింది ట్యూబులైట్ల కింద, అక్కడ కనిపించవు. పరిచిన వెలుగులో గీతలు దాక్కుంటాయని వాళ్లకు తెలుసు, నాకు తెలియదు.

ఆ ముఫ్త్ పాలిష్‌లోనే ఇంకో రకం ఉంది. అది అరగదీయను కూడా అరగదీయదు. నూనె, మైనం, సిలికోన్ కలిపిన గ్లేజు రాసి గీతల్లో నింపుతుంది. బండి అద్దంలా మెరుస్తుంది. రెండు మూడు కడుగుళ్లకు నింపింది కొట్టుకుపోయి జాలా మళ్లీ హాజర్. పెళ్లి ఇంటి ముందు ఒక్కరోజు మెరవడానికి గ్లేజు రాయించుకుంటే నాకు అభ్యంతరం లేదు, దానివల్ల పొర అరగదు. దాన్ని "స్క్రాచ్ రిమూవల్" అని బిల్లులో రాసి అమ్మడమే బేఈమానీ. పట్టుకోవడం తేలికే. పని అయ్యాక ఒక తలుపు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి చల్లి, మెత్తని శుభ్రమైన గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూపించమనండి. నిజంగా తీసిన గీత తిరిగి రాదు. నింపిన గీత బయటపడుతుంది. ఈ మాట అడగ్గానే కౌంటర్ మీద సాబ్ ముఖం ఎలా మారుతుందో అదీ ఒక పరీక్షే.

సిరామిక్ ప్యాకేజీ అయితే నా భాంజా జేబు కోసింది. సిరామిక్ పనికిరాదని నేను అనను. నీళ్లు జారిపోతాయి, మురికి తొందరగా అంటుకోదు, కడగడం సులువవుతుంది. కానీ అది ఒకటి రెండు మైక్రాన్ల పొర, కొన్నిసార్లు అంత కూడా ఉండదు. క్వార్ట్జ్ రేణువు ముందు అదెంత? "9హెచ్ హార్డ్‌నెస్ సార్" అని పెద్ద అక్షరాలతో బోర్డు పెడతారు. మన భాయీలు వజ్రం అనుకుంటారు. ఆ 9హెచ్ పెన్సిళ్ల కొలత. స్కూల్లో హెచ్‌బీ పెన్సిల్ వాడాం చూడండి, అదే వరసలో గట్టి పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని అర్థం. పొద్దున్నే డస్టరుతో రాయి పెట్టి రుద్దితే ఏమవుతుందో ఆ కొలత చెప్పదు. పైగా సిరామిక్ వేసే ముందు గీతలు తీయాలి, లేకపోతే గీతల మీదే అద్దం బిగించినట్టు. మావాడి బండికి గ్లేజు లాంటిదేదో రాసి దాని మీదే కోటింగ్ పూసి పంపారని నా గుమాన్. కొన్ని గీతలు పాతవేనని నాకు అనిపించింది. మిగతావి వాడి డస్టరు పుణ్యం. సన్నగీతల నుంచి నిజంగా కాపాడేది పీపీఎఫ్ అనే ఫిల్ము, అది 150, 200 మైక్రాన్ల మందం ఉంటుంది కాబట్టి. దాని ఖర్చు మధ్యతరగతి ఇంట్లో ఒక పిల్ల ఏడాది ఫీజు దాటిపోతుంది. నేనైతే ఫీజు కడతాను.

ఇంటి చిట్కాలూ తక్కువేం కాదు. పళ్ల పేస్టుతో గీతలు పోతాయని వీడియోలు తిరుగుతున్నాయి. పేస్టులో రాపిడి పొడి ఉంటుంది, అదీ ఒక నాటు కాంపౌండే. ఎంత గరుకో ఎవరికీ తెలియకుండా వేలితో రుద్దుతారు. కొబ్బరి నూనె రాస్తే గీతలు కనపడవు, సాయంత్రానికి ఊళ్లో ధూళంతా వచ్చి అంటుకుంటుంది. అప్పుడు మళ్లీ గుడ్డ.

సరైన పని ఎలా ఉంటుందో ఒక ఉస్తాద్ దగ్గర కూర్చుని చూశాను. మలక్‌పేట వైపు చిన్న షెడ్డు, బోర్డు కూడా సరిగా లేదు. ముందు బండిని బాగా కడిగాడు. తర్వాత క్లే అనే జిగురు మట్టిముద్దలాంటిది తడి మీద జార్చుతూ పెయింటులో గుచ్చుకున్న మురికి లాగాడు. తర్వాత చిన్న మీటరు పెట్టి ఒక్కో రేకు మందం కొలిచాడు. అది మొత్తం పెయింటు మందం చెబుతుంది, వార్నిషు ఒక్కదానిదీ చెప్పదు. కానీ అన్ని చోట్లా 110, 120 చూపిస్తూ ఒక్క డోరు దగ్గర 240 చూపిస్తే అది మళ్లీ పెయింటు పడ్డదని, ఎక్కడో 80 చూపిస్తే అక్కడ మిషన్ పెట్టకూడదని తెలుస్తుంది. బంపరు ప్లాస్టిక్, దాని మీద ఆ మీటరు పనిచేయదు. "అక్కడ అందాజా, డర్ రెండూ కావాలి సాబ్" అన్నాడు. అంచుల మీద టేపు వేశాడు, అంచుల్లో పెయింటు పలచగా ఉంటుంది, మిషన్ వేడికి ముందు కాలేది అదే.

ఆ తర్వాత బండి మొత్తం మీద పడలేదు. బానెట్ మీద జానెడు జాగాలో అన్నిటికంటే మెత్తని ప్యాడుతో, మెత్తని పాలిష్‌తో మొదలుపెట్టాడు. చాలకపోతేనే ఒక మెట్టు గరుకు. డ్యూయల్ యాక్షన్ మిషన్, తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి వేడి తక్కువ, చారలు పడవు, టైము మాత్రం ఎక్కువ. గోరు ఆడించి చూసి, గోరు తట్టిన గీతలను వదిలేశాడు. "అది తీయాలంటే అడుగుదాకా పోవాలి. ఉండనివ్వండి, సన్నం చేస్తాను, మాఫ్ చేయండి" అన్నాడు. ఏ గీతను తీయకూడదో తెలిసినవాడే ఉస్తాద్ అని నాకు ఆ రోజు అర్థమైంది. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టిన పని మగ్రిబ్ దాటినా సగమే అయింది.

ఇప్పుడు మన మీద కోపం సంగతి.

ఆ ఉస్తాద్ దగ్గరికి నా ముందే ఒక భాయ్ వచ్చాడు. నల్ల ఎస్‌యూవీ. రెండు రోజుల పని, ఇంత అవుతుంది అన్నాడు ఉస్తాద్. "ఇదేం ధర భయ్యా, పక్క గల్లీలో ఐదొందలకు చేస్తున్నారు. మనవాడివని నీ దగ్గరికొచ్చాను. జోహర్‌కల్లా ఇచ్చేయ్, వెయ్యి తీసుకో" అని బేరం. మనవాడు కాబట్టి సగం ధర! అదే భాయ్ ఏసీ హాలు, కాఫీ మిషన్ ఉన్న స్టూడియోకి పోతే పాతిక వేలంటే నోరెత్తకుండా కార్డు గీకి ఈఎంఐ పెట్టుకుంటాడు. ఆ స్టూడియో వెనక షెడ్డులో మిషన్ పట్టేది ఎవరు? టై కట్టుకున్నవాడు కాదు. మన బస్తీల నుంచి వెళ్లిన పంతొమ్మిదేళ్ల పిల్లలే. పాతిక వేలలో వాళ్ల చేతికి వచ్చేది రోజు మజ్దూరీ. డబ్బు మనం హునర్‌కు ఇవ్వడం లేదు, గాజు తలుపుకు ఇస్తున్నాం.

ఐదొందలకు, రెండు గంటల్లో అంటే ఏ ఉస్తాద్ అయినా ఏం చేస్తాడు? క్లే ఉండదు, మీటరు ఉండదు, టేపు ఉండదు. రోటరీ, ఉన్ని ప్యాడు, గరుకు కాంపౌండు, పైన గ్లేజు. మన బేరమే వాడి చేత మన బండి చర్మం ఒలిపిస్తుంది. ఆ తర్వాత "మనవాళ్లకు పని రాదు" అని మనమే అంటాం. ఈ మాట నేను ఎన్ని దావత్‌లలో విన్నానో లెక్కలేదు.

ఆ పిల్లల ఊపిరి సంగతి ఎవరూ అడగరు. పాలిష్ పొడి, సాండింగ్ పొడి రోజంతా పీలుస్తారు, ముక్కుకు దస్తీ కట్టుకుని. పెయింటు షాపుల్లో ఇంకా ఘోరం. రెండు డబ్బాలు కలిపి కొట్టే ఇప్పటి వార్నిషుల హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెచ్చే రకం, ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా దమ్ము ఆగిపోతుంది. దస్తీ వాటిని ఆపదు, తెల్ల సర్జికల్ మాస్కు కూడా ఆపదు. మా చచా ఆఖరి రోజుల్లో మేడ మెట్లు ఎక్కలేకపోయేవారు. బీడీ వల్ల అని అందరం అనుకున్నాం. కావచ్చు. ఆయన ముప్పై ఏళ్లు స్ప్రే గన్ పట్టుకున్నారని ఏ డాక్టరుకూ మేం చెప్పలేదు, ఏ డాక్టరూ అడగలేదు. ఆటోనగర్‌లో ఆయన మెరిపించిన బండ్ల ఓనర్లు ఒక్కరు కూడా "మాస్కు పెట్టుకో భాయ్" అన్నట్టు నాకు గుర్తులేదు.

"జర్నలిస్ట్ సాబ్, ఇన్ని మసలాలుంటే కారు గీతల మీద పడ్డారేంటి?" అని అడిగేవాళ్లుంటారు. మా భాంజా జీతంలో మూడో వంతు ఆ బండి వాయిదాకు పోతోంది. పద్దెనిమిది వేలు ఆపా దాచిన చిట్టీ డబ్బు. మన ఇళ్లలో బండి కొనడమంటే రెండు తరాల మెహనత్. అది ఏడాదికి రెండుసార్లు గుడ్డకు తెలియకుండా అరిగిపోతుంటే రాయకుండా ఎలా?

ఇంట్లో చేయాల్సింది పెద్దగా ఏం లేదు. డస్టరు పారేయండి. వారానికో పదిహేను రోజులకో నీడలో కడగండి, ముందు ఉత్త నీళ్లతో ధూళి జారిపోనివ్వండి, తర్వాతే చేయి పెట్టండి. రెండు బకెట్లు, ఒకటి సబ్బునీళ్లకు, ఒకటి మురికి వదిలించడానికి. బట్టల పౌడరు వద్దు. పై నుంచి కిందికి రండి, టైర్ల గుడ్డ వేరే పెట్టండి. బోరు నీళ్లు ఎండలో ఆరితే సున్నం మచ్చలు పడతాయి, వెంటనే మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి అద్దండి, రుద్దకండి. పిట్ట రెట్ట పడితే గీకకుండా తడిగుడ్డ కాసేపు కప్పి నానబెట్టి తీయండి. పొద్దున తుడిచే పిల్లాడికి ఇంకో బకెట్, నాలుగు మంచి గుడ్డలు కొనిపెట్టి, రోజూ తుడవొద్దు, వారానికి ఒకసారి కడుగు, జీతం అంతే ఇస్తాను అని చెప్పండి. సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద "పాలిష్ వద్దు, వాషింగ్ వద్దు" అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.

మావాడి బండిని మలక్‌పేట ఉస్తాద్‌కే ఇచ్చాం. రెండు రోజులు. అడిగినంత ఇచ్చాం, ఆపా గొణిగింది కానీ ఇచ్చింది. షాగిర్ద్ పిల్లాడికి ఫిల్టర్లు బిగించే మాస్కు ఒకటి కొనిచ్చాను. మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత ఉక్కపోస్తోందని తీసేశాడు, ఉస్తాద్ కసిరితే మళ్లీ పెట్టుకున్నాడు. డ్రైవర్ వైపు తలుపు మీద రెండు లోతు గీతలు అలాగే ఉన్నాయి. భాంజా వాటిని చూసి "ఇవి కూడా పోతే బాగుండేది మామూ" అన్నాడు. ఉస్తాద్ మీటరు తెచ్చి ఆ తలుపు మీద పెట్టి అంకె చూపించాడు. 84. మావాడు ఇంకేం అడగలేదు, డిక్కీ తెరిచి డస్టరు తీసి షెడ్డు పక్కన చెత్తడబ్బాలో పడేశాడు.